మామ తలుపు మీది చీటీ

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం నాడు మా చర్చిలో ఇంటికో కార్డు పంచారు. మెరిసే కాగితం మీద అచ్చువేసిన బైబిలు వాక్యం, చుట్టూ గంటలూ నక్షత్రాలూ. నాకు వచ్చినదానిలో దీవెన, పక్కన కూర్చున్న రిటైరైన టీచరుగారికి వచ్చినదానిలోనూ దీవెనే, వెనక వరుసవాళ్ళవి అడిగి మరీ చూశాను, మనిషి చేయవలసిన పని ఒక్క కార్డులోనూ లేదు. ఇంటికి వచ్చినా కోపం చల్లారలేదు. అందులో ముప్పాతిక నా మీదే అన్న సంగతి, ఒకప్పుడు గోదావరిఖని బొగ్గుగని కాలనీల్లో బతికిన మీవంటి వాళ్ళకు చెప్పుకుంటే తప్ప తెరిపి లేదు.

మా కాలంలో వాక్యం తీసుకోవడమంటే మెడకు కట్టుకోవడమే. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలూ నడుచుకోవడానికి ఇంటికొక వాక్యం చీటీ మీద రాసి కుండలో వేస్తే, ఇంటి పెద్ద కళ్ళు మూసుకుని ఒకటి తీసేవాడు. దాన్ని క్వార్టరు తలుపుకు మైదాపిండితో అంటించాలి, వచ్చేపోయేవాళ్ళు చదవాలి, ఆఖరి ఆదివారం లేచి నిలబడి ఎట్లా నడుచుకున్నదీ అందరి ముందూ చెప్పాలి. తీసిన చీటీని మార్చడమన్న మాటే లేదు. ఒక ఏడు, నోరు అదుపులో పెట్టుకోమన్న వాక్యం మా నాన్న షిఫ్టులోనే పనిచేసే వదరుబోతు కాకకు పడితే, పాపం ఆయన చాయ్ హోటల్లో కూడా చేతిసైగలతోనే గడిపాడు, ఆ నాలుగు వారాలూ ఆయన పెళ్ళాం ముఖం కళకళలాడిందని అందరూ నవ్వుకున్నారు.

ఆ చీటీలు రాసేది నేను. పదో తరగతి తప్పి గనిలో పనికి కుదిరినా, డ్యూటీ అయిపోగానే స్నానం చేసి గ్రంథాలయానికి పోయి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. అక్కడి అలమారాల్లో నేను తెరవని పుస్తకం లేదని గర్వం, బైబిలు వ్యాఖ్యానాలు చదివి మా పాస్టరు అయ్యగారికే సందేహాలు తీర్చగలనన్నంత పొగరు.

ఆ ఏడు మా మేనమామ తీసిన చీటీలో, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్న మాట వచ్చింది. ఆయన గని ఆఫీసులో క్లర్కు, సంఘపెద్ద. తన పేర ఒక క్వార్టరు, కొడుకు పేర ఇంకొకటి. కొడుకు జ్యోతినగర్‌లో అత్తగారింట్లో ఉంటున్నాడు కనుక రెండోది ఎప్పుడూ తాళం వేసే ఉండేది. సరిగ్గా అప్పుడే మా పక్క క్వార్టరులో ఉండే, చుట్టం కాకపోయినా నేను చిన్నమ్మా అని పిలిచే ఆమెకు ఇల్లు ఖాళీ చేయమని కాగితం వచ్చింది. ఆమె భర్త ఆ వానాకాలంలో జబ్బుచేసి పోయాడు. ఆయన ఉద్యోగం ఆమెకు రావాలంటే ఊళ్ళోనే ఉండి ఆఫీసు చుట్టూ తిరగాలి, పైగా బిడ్డ పదో తరగతిలో ఉంది. పరీక్షలు అయ్యేదాకా తలదాచుకునే చోటు కావాలి, అంతే.

మా ఒకటిన్నర గదిలో అప్పటికే ఏడుగురం. అమ్మ తన అన్న సంగతి ఎరిగి కూడా, "తలుపుకు అంటిచ్చుకున్నంక తాళం తియ్యక ఏం జేస్తడు" అని ధీమాగా చిన్నమ్మను పంపింది. రేపు చెప్తానన్నాడట మామ. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, నన్ను పక్కకు పిలిచాడు.

"అల్లుడా, అండ్ల అంగీలని ఉన్నది గని క్వార్టర్లని ఉన్నదా? సదువుకున్నోనివి, నువ్వే జెప్పు. దేవుడు తోడుంటడనే మాట ఉంటది సూడు, గదే రాసియ్యి."

గని లోపలి పని నుంచి నన్ను పైన ఆఫీసుకు మార్పించగలిగినవాడు ఆయనే, అదొక కారణం. అసలు కారణం అంతకంటే సిగ్గుచేటు. చదువుకున్నవాడివి అన్న ముక్క నాకు తీపిగా తగిలింది. వాక్యాన్ని అక్షరంలో కాక ఆత్మలో తీసుకోవాలని ఎక్కడో చదివింది గుర్తు తెచ్చుకుని, కూర్చుని రాసిచ్చాను.

మర్నాడు చిన్నమ్మ మళ్ళీ మామ వాకిట్లోకి పోతే, తలుపు మీది కొత్త చీటీని బిడ్డ చదివి వినిపించింది. రాత ఎవరిదో కాలనీలో అందరికీ తెలుసు. నేరుగా మా గడపలోకి వచ్చి నిలబడింది చిన్నమ్మ.

"మంచిగనే సదివినవ్ బిడ్డా. దేవుని మాటనే మార్సినవ్."

నేను తల దించుకోలేదు. ఆ వాక్యానికి అసలు అర్థం ఏమిటో వివరించడం మొదలుపెట్టాను. ఆమె చివరిదాకా విన్నది. ఇరుకైనా మా దగ్గరే ఉండమని అమ్మ చెయ్యి పట్టుకుంటే, మెల్లగా విడిపించుకుని బిడ్డను తీసుకుని పోయింది. ఆ వారంలోనే కమాన్‌పూర్‌లో తమ్ముడి ఇంటికి చేరారు. ఆఖరి ఆదివారం మామ లేచి దేవుడు తనకు ఎట్లా తోడున్నాడో చెప్పాడు, రెండో వరుసలో కూర్చుని నేను ఆమెన్ అన్నాను. చిన్నమ్మకు ఉద్యోగం ఆలస్యంగానైనా వచ్చింది. ఆ పిల్ల మాత్రం పరీక్ష రాయలేదు, పత్తి ఏరడానికి పోయింది.

ఇప్పుడు ఆ కాలనీ లేదు, ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట కింద తాళం వేసిన క్వార్టరూ, మా క్వార్టరూ ఒకటైపోయాయి. అప్పటివాళ్ళు మంచివాళ్ళని నేను అనను. కాకపోతే అప్పుడు వాక్యాన్ని తప్పించుకోవాలంటే ఒక మనిషి ఇంకొక మనిషి గడప తొక్కి అడగాలి, ఆ మనిషి సరేనని కలం పట్టాలి. అది పట్టినవాణ్ణి నేను. ఎన్ని పుస్తకాలు చదివినా, ఆ సాయంత్రం నా కలం ఎందుకు ఆగలేదో ఏ పుస్తకమూ చెప్పలేదు.