అత్తయ్య చేట, నా గురి

ఆ రోజుల్లో గొప్పవాడనిపించుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. చేతికి గడియారం ఉంటే చాలు, సైకిలుంటే ఇక తిరుగే లేదు. నాకు ఆ రెండూ లేవు. ఇరవై రెండేళ్ళ వయసు, రాజోలు తాలూకా కచేరీలో టెంపరరీ నకలు గుమాస్తా ఉద్యోగం. వారానికి ఆరు రోజులు "ఏవోయ్", "ఇదిగో నిన్నే", "ఆ పొడుగాటి కుర్రాణ్ణి పిలవండి" అని పిలిపించుకునేవాణ్ణి. (నా పేరు ఆ కచేరీలో జీతం రిజిస్టరుకి తప్ప ఎవరికీ తెలీదని నా అనుమానం.) ఆదివారం పొద్దున్న మాత్రం నన్ను "గారూ" అనేవారు. దానికి కారణం ఒక తుపాకీ.

యుద్ధం అయ్యాక పట్టాళం నుంచి ఊరు చేరిన సుబేదారు గారు ఊరికే కూర్చోలేక, కాకినాడలో ఉన్న జిల్లా క్లబ్బు వాళ్ళని బతిమాలి, పాయింట్ టూటూ రైఫిలొకటి అరువు తెచ్చారు. దాని తూటా చిటికెన వేలి గోరంత. పేలితే ఎండుకొబ్బరి చిప్ప విరిచినంత చప్పుడు. దాన్ని చూసి "దీంతో ఉడతనైనా కొట్టొచ్చా?" అని నవ్వినవాళ్ళని సుబేదారు గారు వంద గజాల దూరాన అట్ట నిలబెట్టి "ఏదీ, కొట్టండి చూద్దాం" అనేవారు. నవ్వు అక్కడితో సరి. మా మేనత్త పొలం కోతలయ్యాక ఖాళీగా ఉండేది. దాని చివర ఎత్తయిన ఏటిగట్టు. గట్టుకి ముందు అట్ట, ఇవతల గోనెపట్టా మీద బోర్లా పడుకుని మేము. గట్టు మీదికి ఎవరూ రాకుండా రెండు వైపులా మనుషుల్ని కాపలా పెట్టేవారు. ఆ పట్టా మీద పడుకున్న కాసేపూ నేను గుమాస్తాని కాదు. "కాస్త ఊపిరి బిగబట్టండి, గుమాస్తా గారూ" అని సుబేదారు గారంతటివారు అంటుంటే నాకు ఒళ్ళు పులకరించేది.

గౌరవం సంగతి అలా ఉంచితే, గురి మాత్రం ఎవరికీ కుదిరేది కాదు. అందరి తూటాలూ కుడి పక్కకే పోయేవి. మా పక్కన పాతిన జెండా చూస్తే తడిగుడ్డలా వేలాడుతూ ఉండేది. అంటే గాలి లేదన్నమాట. మరి తూటా ఎందుకు పక్కకి పోతోంది? గొట్టం వంకర అని తీర్మానించేశాం. ఆడలేక మద్దెల ఓడనడం మనకి కొత్త కాదు కదా! తగలని తూటాలన్నీ గట్టుకి బలమిస్తున్నాయని, గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నట్టు సర్దుకున్నాం.

ఇంతలో పుష్యమాసంలో పిడుగులాంటి కబురు. జిల్లా క్లబ్బు సెక్రటరీ గారు స్వయంగా వస్తున్నారు. పది తూటాలకి నూరు మార్కులు. మాలో ఒక్కరైనా ఎనభై తెస్తే తుపాకీ మాకే ఉంటుంది. లేకపోతే ఆయనతో పాటే కాకినాడ వెళ్ళిపోతుంది. ఆ వారం నాకు అన్నం సయించలేదు. తుపాకీ పోతే నా ఆదివారం పోయినట్టే. ఏడు రోజులూ "ఇదిగో నిన్నే" అయిపోతాను.

ఆ ఆదివారం సెక్రటరీ గారు ఖాకీ నిక్కరుతో, మూడుకాళ్ళ దుర్బిణీతో దిగారు. సుబేదారు గారికి డెబ్బై మూడొచ్చింది. మిగిలిన ముగ్గురూ అరవై దాటలేదు. ఇక మిగిలింది నేనొక్కణ్ణే. సరిగ్గా అప్పుడే సెక్రటరీ గారు దుర్బిణీలోంచి తలెత్తి, "ఏంటండీ ఇది, అట్ట కనపడ్డం లేదు, అంతా పొట్టే!" అని విసుక్కున్నారు.

చూద్దును కదా, ఎడం పక్క కొబ్బరితోట మధ్యలో ఉన్న సందులో, తన కళ్ళంలో మా అత్తయ్య ముక్కాలిపీట ఎక్కి ధాన్యం తూర్పారబడుతోంది. కూలి మనిషి చేట అందిస్తోంది, ఈవిడ ఎత్తి వదులుతోంది, గింజ కింద పడుతోంది, పొట్టు మా గురికి అడ్డంగా ఎగిరొస్తోంది. సుబేదారు గారు నా చెవిలో "మీ అత్తయ్య గారే కదండీ, మీరే చెప్పాలి" అన్నారు. వెళ్ళాను.

"అత్తయ్యా, కాసేపు ఆపవే. కాకినాడ నించి పెద్దమనుషులొచ్చేరు."

"రానీ. గాలీ వచ్చింది. మధ్యాన్నానికి పడిపోద్ది. మళ్ళీ మీ పెద్దమనిషొచ్చి విసురుతాడేటి నాకు?"

"అసలు గాలేదే? జెండా చూడు, కదలట్లేదు."

అత్తయ్య చేట దించి నన్ను ఎగాదిగా చూసింది. "ఆ గుడ్డముక్క తోట చాటునుంది కదరా, ఎలా కదులుద్ది? గాలంతా ఈ సందులోంచే వస్తా ఉంటే! ఒరేయ్, గాలి రాగానే చేట ఎత్తకూడదు. వచ్చి ఒక్కతీరుగా నిలబడ్డాక ఎత్తాలి. అప్పుడు గింజ ఇక్కడ, పొట్టు అదిగో, ఆ గడ్డిమోపు దగ్గర. ఇదీ తెలీకుండా చదువుకున్నావా? పో పో, నా పొలంలో నన్నే ఆపమంటాడు!"

పొలం ఆవిడది. ఇంకేం అంటాం! తిరిగొచ్చి, "వినట్లేదండీ" అని తల దించుకుని పట్టా మీద పడుకున్నాను. అలవాటు కొద్దీ జెండా చూసి మొదటి తూటా పేల్చాను. "నాలుగు!" అన్నారు సెక్రటరీ గారు. కుడి పక్కకే. అప్పుడు వెలిగింది నా బుర్ర. గొట్టం వంకర కాదు, మా బుద్ధే వంకర! తూటా సగం దారి చల్లగా వెళ్ళి, ఆ సందు దగ్గర గాలి దెబ్బ తింటోంది. ఇక జెండా వైపు చూడలేదు. అత్తయ్య చేటే చూశాను. పొట్టు వెళ్ళి గడ్డిమోపు దగ్గర పడుతుంటే, అట్ట ఎడమ అంచుకి గురి పెట్టి మీట నొక్కాను. "తొమ్మిది!" మళ్ళీ చేట లేచేదాకా ఆగాను. "ఎనిమిది!" సుబేదారు గారి మీసాలు లేవడం మొదలెట్టాయి.

తొమ్మిది తూటాలకి డెబ్బై ఒకటి. ఆఖరిదానికి తొమ్మిది రావాలి. పక్కన అందరూ ఊపిరి బిగబట్టారు. నేను ఓరకంట సందు వైపు చూస్తే ఏముంది, అత్తయ్య తీరిగ్గా పీట దిగి, బొడ్లోంచి తమలపాకు తీసి సున్నం రాసుకుంటోంది! ఒక నిమిషం, రెండు నిమిషాలు. "భోజనాల వేళవుతోంది, కానివ్వండి" అన్నారు సెక్రటరీ గారు. ఇక సిగ్గూ ఎగ్గూ వదిలేసి గొంతెత్తి అరిచాను.

"అత్తయ్యా! ఒక్క చేట ఎత్తవే! నీ కాళ్ళు పట్టుకుంటాను!"

సందులోంచి అత్తయ్య గొంతు: "ఇందాకే కదరా ఆపమన్నావు? మతుండే మాట్లాడుతున్నావా?" సెక్రటరీ గారు పగలబడి నవ్వారు. సుబేదారు గారైతే పట్టాళం మర్యాదంతా మర్చిపోయి, "ఎత్తండమ్మా, మీకు పుణ్యముంటాది!" అని రెండు చేతులూ జోడించారు. ఆవిడ గొణుక్కుంటూ ఆకు నోట్లో వేసుకుని, పీట ఎక్కి, చేట అందుకుంది. ఎత్తలేదు. గాలి నిలబడేదాకా ఆగింది. నేనూ ఆగాను. పొట్టు పడింది. మీట నొక్కాను.

"పది!"

అబ్బో, ఆ గోల! సుబేదారు గారు నన్ను అమాంతం ఎత్తేశారు. సెక్రటరీ గారు తుపాకీ నా చేతికిచ్చి, "ఇది ఇక్కడే ఉంటుందండీ" అన్నారు. చిల్లులు పడ్డ అట్ట పట్టుకుని పరుగెత్తుకెళ్ళి అత్తయ్యకి చూపించాను. ఆవిడ దాన్ని ఎండకి ఎత్తిపట్టి చూసి, "చేటకి చిల్లులు పడితే పారేస్తాం, అట్టకి చిల్లులు పడితే పండగేటిరా?" అంది. కానీ నవ్వింది.

మర్నాటి నుంచీ కచేరీలో నేను సోమవారం కూడా గారే. వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పాను. మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకి నా అరుపు మాయమైంది. తర్వాత చేట మాయమైంది. రెండేళ్ళు తిరిగేసరికి అత్తయ్యే కథలోంచి తప్పుకుంది. గాలిని కంటితో పసిగట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

అలా ఓసారి చుట్టాలింట్లో పెళ్ళి పందిట్లో చేతులూపుకుంటూ ఆ కథ చెబుతున్నాను. అంతా అయ్యాక చూద్దును కదా, వెనక బల్ల మీద అత్తయ్య కూర్చునుంది. మొదటి నుంచీ విన్నట్టుంది. ఎవరో ఆవిడ వైపు తిరిగి, "నిజమేనాండీ?" అని అడిగారు. అత్తయ్య ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "ఆయ్, నిజమేనండి. మావాడి కన్ను అలాంటిది" అంది.

ఇప్పుడు ఈ కథ ఎవరికి చెప్పినా ముందు ఆవిణ్ణే పీట ఎక్కిస్తున్నాను. వినడానికి ఆవిడ లేదు. ఆ పందిట్లో మీసం మెలేస్తూ నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది, నవ్వూ వస్తుంది.