బోధన సామగ్రి: చెరుకు గడ

నవత టీచర్ పాఠ్యపథకం నిజామాబాద్ బస్టాండులో పుడుతుంది, బోధన్ వచ్చేలోపు పెద్దదవుతుంది, అక్కడి నుంచి ఊరికి పోయే షేర్ ఆటోలో నలిగి చస్తుంది. ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు. మొహం చూస్తే మాత్రం రేపోమాపో రిటైరయ్యే మనిషిలా ఉంటుంది. పొద్దున ఆమె లేచేసరికి తల్లి సుమిత్రమ్మ అప్పటికే చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది.

"సర్కారు నౌకరంటె కూసోని తినుడనుకున్న బిడ్డా. నువ్వేందే, నాకంటె ఎక్వ వంగిపోతున్నవ్?"

వంగేది రాతకే. ప్రతి పాఠానికీ పథకం రాయాలి: ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి, ఏ సామగ్రి వాడాలి, ఏం ప్రశ్నలడగాలి. ఆ బడిలో ఇదేం పెద్ద పని కాదు. పెద్దసారు కాశయ్య ఈ పథకాలన్నీ సర్వీసు మొదట్లో ఒకసారి రాసి పడేశాడు. ఏటా తారీఖు మారుస్తాడు, మిగతావాళ్లు చూసి ఎక్కించుకుంటారు. అందులో భిన్నాల పాఠానికి సామగ్రి యాపిల్ పండు. ఆ ఊళ్లో యాపిల్ పండు ఎవరికైనా జ్వరమొస్తే తప్ప కనబడదు.

నవతకు ఆ యాపిల్ గొంతులో అడ్డం పడింది. ఐదో తరగతి పిల్లలు సగం అంటే బోర్డు మీద గీసే గీత అనుకుంటున్నారు. సొంతంగా పథకం రాసుకుంటానని అడిగితే కాశయ్య కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"జూడమ్మా, శుక్రారం నీ క్లాసుల కూసుంట. పిల్లలకు సమజైందా, ఏడాదంత నీ ప్లాను నువ్వే రాసుకో. కాలేదా, సప్పుడుజెయ్యక నాది ఎక్కించుకో. యాపిల్ పండేం కరవది."

నవత రాత్రి భోజనం పక్కన పెట్టి మరీ రాసింది. చుట్టుపక్కల దొరికే వస్తువులే వాడాలని, ఖర్చు ఉండకూడదని ట్రైనింగులో చెప్పీ చెప్పీ చెవులకు చిల్లులు పొడిచారు. చెరుకు నరికే రోజులు. బడి ముందు రోడ్డు మీద ట్రాక్టర్లు పొద్దంతా గడలు మోస్తూనే ఉంటాయి. ఇంకేం కావాలి? సామగ్రి గడిలో "చెరుకు గడ" అనీ, ఖర్చు గడిలో "లేదు" అనీ రాసి, తన తెలివికి తానే మురిసిపోయింది.

గురువారం సాయంత్రం పిల్లలతో అన్నది: "రేపు తలా ఒక చెరుకు ముక్క తేవాలె."

ఇంటి నుంచి తెమ్మని అనలేదు. అడిగి తెమ్మని కూడా అనలేదు. ఆ పిల్లలు జన్మలో ఏ హోంవర్కూ అంత బుద్ధిగా చెయ్యలేదు.

శుక్రవారం తరగతి గదిలో కాలు పెట్టడానికి జాగా లేదు. ముక్క తెమ్మంటే ఆకుతో సహా నిలువు గడలే తెచ్చారు. వెనక కుర్చీలో కూర్చున్న కాశయ్య వీపులో ఒకటి గుచ్చుకుంటోంది. సగం విరవమంటే మోకాళ్ల మీద పెట్టి ఫటఫటా విరిచారు.

"ఒక సగం పక్కకు పెట్టుండ్రి."

"పెట్టినం టీచర్!" అన్నాడు భూమేష్, నోటి నిండా రసంతో.

తినడానికి పథకంలో గడి లేదు. నవత గొంతు చించుకుంటుంటే బయట ట్రాక్టర్ ఆగింది. డ్రైవర్ మహేందర్ నేరుగా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏం సార్, బడిల దొంగతనం నేర్పుతుండ్రా? మూల మీద బండి స్లో అయితది గద, గాడ కావలి గాసి ఎన్కకెల్లి గుంజిండ్రు. ఏందిరా అంటె, టీచర్ తెమ్మన్నదంట!"

"ఎంత చెరుకు పోయిందో చెప్పు..." అంటూ కాశయ్య లేచాడు.

"చెరుకుదేముంది సార్? ఒక్కడు జారి టైరు కింద పడితె నన్ను లోపటేస్తరా, టీచరమ్మను ఏస్తరా? బండి ఆపి అడిగితె నేనియ్యనా?"

నవత పిల్లల వైపు తిరిగింది. రసం కారుతున్న మోచేతుల్ని, బెంచీల కింద ఊగుతున్న కాళ్లని ఒక్కొక్కటీ చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

"తప్పు నాదే అన్నా. యాడికెల్లి తేవాల్నో నేను చెప్పలే."

ఎదురు తిరుగుతుందనుకున్న మనిషి తల దించేసరికి మహేందర్ గొంతు తగ్గింది. "ఇగ జెర పైలం," అని గొణిగి వెళ్లిపోయాడు.

కాశయ్య తన పాత పథకం చంకలో సర్దుకున్నాడు. పోతూపోతూ, మాట ఇచ్చాడు గనక, గుమ్మం దగ్గర కూర్చున్న శృతిని అడిగాడు.

"నీ చేతులున్నది ఎంతనే?"

"పావు సార్."

"మిగిలింది?"

"ముప్పావు భూమేష్ గాడు తిన్నడు సార్! సగమిస్త, ఊకో అన్న. మల్ల నా సగంల సగం గుంజుకున్నడు!"

"అబద్దం సార్!" భూమేష్ లేచాడు. "గది పావు కంటె తక్వుండె. కణుపంత నాకే ఒచ్చింది!"

ఇక గదంతా లేచింది. ఎవరి సగం పెద్దది, ఎవరి పావు చిన్నది అని గడలు పక్కపక్కన పెట్టి కొలిచి మరీ తిట్టుకుంటున్నారు. ముప్పావు ఇంకా నవత చెప్పనేలేదు. కాశయ్య కాసేపు విన్నాడు. యాపిల్ పండు కోసం ఇన్నేళ్లలో ఒక్క కొట్లాట కూడా కాలేదు.

"నీ ప్లాను నువ్వే రాసుకో," అన్నాడు చివరికి, అలసటగా. "గని సామాన్లు యాడియో ముందుగాల నాకు చెప్పు. నన్ను సల్లగ రిటైర్ కానియ్యి తల్లీ."

గెలిచినట్టు అనిపించలేదు నవతకు. పిప్పి ఊడ్చింది. చీమల్ని తోలింది, అవి వినలేదు. రోజూ పోయే ఆటో పోయింది.

బోధన్‌లో బస్సెక్కి రేపటి పథకం తీసి, సామగ్రి గడి పక్కన ఇంకో గడి గీసింది: "ఎక్కడిది?" దాన్ని చూస్తూ తల్లికి ఫోన్ కలిపింది.

"అవ్వా, పొద్దుగాల్ల పిల్లలందరికి జొన్నరొట్టెలు గావాలె, సగం పావు జేసి చూపియ్యనీకి. ఇయ్యాల చెరుకు తెప్పిస్తె తినేసిండ్రు."

అవతల కత్తెర చప్పుడు ఆగింది. "నేను బీడీల ఆకు కత్తిరియ్యాల్నా, నీ బడికి రొట్టెలు గొట్టాల్నా? పాత పేపర్లు గుండ్రంగ కత్తిరిచ్చిపెడ్త, తీస్కపో. పేపర్ తినరు గద?"

"ఏమో అవ్వా. భూమేష్ ఉన్నడు."

కొత్త గడిలో "మా ఇంటిది" అని రాసి, నవత తల కిటికీకి ఆనించింది.