చీర చాటున రొట్టె చప్పుడు

జూరాల డ్యాం గేట్లు ఎత్తారంటే చాలు, హైదరాబాదు, కర్నూలు, రాయచూరు దిక్కుల నుంచి కార్లు బారులు తీరతాయి. నీళ్లు చూసి వచ్చినవాళ్లకు ఆకలి వేస్తుంది. ఆత్మకూరు వైపు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పుష్పమ్మ చేపల పులుసు కాస్తుంది, షాహెదా జొన్నరొట్టెలు చేస్తుంది. ఏటిలోది ఒకటి, మెట్ట చేలది ఒకటి. ఈ నేల రుచి ఏమిటని అడిగినవాళ్లకు ఆ పళ్లెమే జవాబు.

షాహెదాకు రొట్టె నేర్పింది అత్త. మరిగిన నీళ్లతో పిండి కలిపి, పీట మీద అరచేత్తో కొడుతూ తిప్పాలి. అప్పుడే అంచు పగలకుండా పల్చగా సాగుతుంది. కాపురానికి వచ్చిన ఏడాది పగిలిన రొట్టెలన్నీ ఆమే తిన్నది. భర్త బాబా ఆటో నడుపుతాడు. కూతురు ఇరమ్ వనపర్తిలో డిగ్రీ చదువుతోంది.

ఒకరోజు ఇరమ్ కాలేజీ నుంచి ఏడుస్తూ వచ్చి ఫోన్ చూపించింది. ఎవరో కడుపునిండా తిని, మెచ్చుకుని, తీసుకుపోయిన వీడియో అది. పొగలో షాహెదా వంగి, బుగ్గలు పూరించి ఊదుతోంది. పొయ్యిలోకి ఊదే ఇనుప గొట్టం బొమ్మలో లేదు, అంత మేరకు కత్తిరించారు. పక్కనున్న రొట్టె మాత్రం ఉంది. కింద, ఈమె రొట్టెల మీద ఉమ్ముతోందని రాసి, పేరూ షెడ్డు ఉన్న చోటూ చేర్చారు.

కత్తిరించినవాడు ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఉమ్మలేదని రుజువు చేసుకునే భారం మాత్రం ఊదిన మనిషిది. ఏ చట్టంలోనూ లేని ఈ నియమం ఎవరూ ఆమోదించకుండానే అమలులోకి వచ్చింది.

ఆదివారం వచ్చి అడుగుతామని ఎవరో ఆ వీడియో కింద రాశారు. ఏం అడుగుతారో రాయలేదు. అదే షాహెదాకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. బాబా ఫిర్యాదు పట్టుకుని పోలీస్ స్టేషనుకు పోతే, కుర్చీలో ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు, కానీ కాగితం తీసుకోలేదు. కొన్నాళ్లు షెడ్డు జోలికి పోవద్దని సలహా ఇచ్చాడు. తప్పు చేసినవాణ్ని వెతకడం కంటే, తప్పు జరిగిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం సులువు.

షాహెదా ఇంట్లో ఉండిపోవడానికి పుష్పమ్మ ఒప్పుకోలేదు. తాను రొట్టె కొడితే అది అప్పడం ముక్కలవుతుందని నవ్వించబోయింది. షాహెదా నవ్వలేదు. చివరికి పుష్పమ్మ తన పాత చీరను షెడ్డులో అడ్డంగా కట్టింది. లోపల షాహెదా రొట్టె కొట్టి, పీటతో సహా చీర కింది నుంచి జరపాలి. బయట పుష్పమ్మ కాల్చాలి. కనిపించని మనిషిని ఎవరు ఏమంటారని ఇద్దరూ అనుకున్నారు.

ఆదివారం జనం విరగబడ్డారు. చీర మీద నీడ పడినప్పుడల్లా షాహెదా తలెత్తి చూసింది. వినపడే ప్రతి గొంతులోనూ ఉన్నది ఆకలేనా అని చెవులు రిక్కించింది. చేతులు మాత్రం వాటి పని అవి చేశాయి.

మధ్యాహ్నం ఒక కారు తలుపులు వరసగా పడ్డాయి. నలుగురు దిగారు. ఆడవాళ్లిద్దరికీ తట్టని సంగతి వాళ్లకు రాగానే తట్టింది. పుష్పమ్మ గరిటె ఒక చేత, పళ్లెం ఒక చేత పట్టుకుని నిలబడి ఉంది. రొట్టె కొడుతున్న చప్పుడు చీర వెనుక నుంచి వస్తోంది.

"లోపల ఎవరమ్మా?" అన్నాడు ఒకడు.

షాహెదా చెయ్యి ఆగింది. ఆగకూడదని ఆగాక తెలిసింది.

"మా చెల్లె," అంది పుష్పమ్మ.

"మీ చెల్లె మాకు కనవడొద్దా ఏంది?"

"పొగ పడదు ఆమెకు. పులుసు ఎయ్యాల్నా?"

"పులుసు తర్వాత. పేరేంది చెల్లెది?"

పుష్పమ్మ నోరు తెరిచింది. ఏ పేరూ రాలేదు. ఇంకాస్త ఆలస్యమైతే వాళ్లే చీర లాగుతారని షాహెదాకు అర్థమైంది. కూర్చున్న చోటి నుంచే చీరను పక్కకు లాగింది.

"నా పేరు షాహెదా. రొట్టెలు జేసేది నేనే. తింటరా?"

ఒకడు జేబులోంచి ఫోన్ తీశాడు. టైము చూసుకుంటున్నాడో, తనను వీడియో తీస్తున్నాడో ఆమె పోల్చుకోలేకపోయింది. పీట మీద రొట్టె అంచులు ఆరుతున్నాయి. చెయ్యి తడిచేసుకుని మళ్లీ కొట్టసాగింది. చప్పుడు సమంగా రాలేదు.

"వద్దులే, పోదాం పా," అన్నాడు వెనుకనున్నవాడు. కారు పోయింది.

వాళ్లు వస్తామని రాసినవాళ్లేనా, రొట్టె వద్దనుకుని పోయిన మామూలు జనమా? ఇద్దరికీ తెలియదు, తెలుసుకునే దారీ లేదు. పుష్పమ్మ చీరను మళ్లీ అడ్డంగా లాగబోతే షాహెదా వద్దంది. అది ధైర్యం అనుకుంది పుష్పమ్మ. చీర చాటు నుంచి రోడ్డు కనిపించదని మాత్రమే షాహెదా అనుకున్నది.

సాయంత్రం బాబా వచ్చి ఎప్పటిలాగే షెడ్డు వెనుక ఆటో నిలిపాడు. బండిని రోడ్డు వైపు తిప్పి పెట్టమని, తాళం బండికే ఉంచమని షాహెదా చెప్పింది. అతను బండి తిప్పి పెట్టాడు. అంతలో ఇంకో కారు వేగం తగ్గించింది. అందులోనివాళ్లు దిగి, వాళ్ల మొహాలు కనిపించేదాకా ఆమె తర్వాతి రొట్టెకు పిండి తీయలేదు.