ఎంగిలి జాడీ

మా మావగారు పోయారన్న మాట మేడ మీది వరండాలోంచి వీధికి చెప్పింది నేనే. ఏళ్ళ తరబడి ఆయన మాటలన్నీ పైకి చెప్పే పని నాదే కనక, ఈ ఆఖరి మాట కూడా నా వంతుకే వచ్చింది. పొద్దున్న గంజి తాగి గోడకి జారబడి కూర్చున్న మనిషి అలాగే వెళ్ళిపోయారు. కింద కుళాయి దగ్గరి ఆడవాళ్ళు నా కేక విని, చేపలామెతో మళ్ళీ తగువు పెట్టుకున్నాననుకున్నారట. రెండోసారి చెప్పాక బిందెలు దించి పైకొచ్చారు. మధ్యాహ్నానికి రేవులో మూటలు మోసే మనవాళ్ళు ఒంటి మీద ధూళి కూడా దులుపుకోకుండా వచ్చారు. మా మెట్ల మీద నిలబడ్డానికి చోటు లేకపోయింది.

ఇది పోయిన నెల మాట. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇప్పటికి కూర్చుని రాయగలుగుతున్నాను. ఇది ఏడుపు రాత కాదని ముందే చెబుతున్నాను. మా మావ గెలిచి పోయిన మనిషి.

ఆయన వయసులో ఉండగా శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మాలో ఈ రంగూన్‌కి, మనవాళ్ళనే రంగానికి, వచ్చారు. రేవులో బియ్యం మూటలెత్తే జట్టుకి ఆయనే పాటగాడు. ఆయన ఒక మాట అందిస్తే జట్టంతా 'ఐలేసా' అనేది, ఆ ఊపులో మూట భుజానికెక్కేది. శనివారం వచ్చిందంటే పజుండౌంగ్‌లో మా వీధి రామమందిరంలో భజన. మద్దెలకి ఎడంపక్క చాప ఆయనది. ఆ గొంతు సంగతి విన్నవాళ్ళు చెప్పగా వినడమే తప్ప నేనెరగను. నేను కాపరానికి వచ్చేసరికే గొంతులో పుండు లేచి, ఆస్పత్రిలో కోసి, మనిషిని బతికించారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. నోరు తెరిస్తే గాలి వచ్చేది, అంతే. జట్టువాళ్ళు ఆయన్ని గిడ్డంగి కాపలాకి పెట్టించారు. భజనకి వెళ్ళడం ఆయనే మానుకున్నారు. శనివారం సాయంత్రం తాళాల చప్పుడు మొదలవగానే లేచి ఆ వైపు కిటికీ మూసేసేవారు. రంగం ఉక్కలో కిటికీ మూసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. మేం విసనకర్రలు అందుకునేవాళ్ళం.

పైగా మా అత్తకి చెముడు. మావ గుసగుస ఆవిడకి ఏ జన్మకీ వినబడదు. ఆ ఇద్దరి కాపరం నా మెడకి చుట్టుకుంది. కోడలు మావ ఎదట నిలబడకూడదు, నోరెత్తకూడదు అని మా అమ్మ లక్ష చెప్పి పంపించింది. వచ్చి చూద్దును కదా, ఈ ఇంట్లో కావలసిందే నా నోరు. పుట్టింట్లో ఏ గొంతుకి తిట్లు తిన్నానో ఆ గొంతే ఇక్కడ పనికొచ్చింది. ఆయన నా చెవి దగ్గర చెప్పేవారు, నేను కేకేసేదాన్ని. చేపల బేరం, మేస్త్రీతో పేచీ, మా అత్తతో సరసం, అన్నీ నా నోటి మీదుగానే. కూరలో ఉప్పు లేదని చెప్పమంటే, కూర అమృతంలా ఉందంట అత్తా అనేదాన్ని. ఆవిడ మురిసిపోయేది. ఆయన నన్ను ఉరిమి చూసి, ఆ చప్పిడి కూరే మారు వేయించుకుని తినేవారు. "నా నోరు నీకిచ్చీసినాను పిల్లా, ఎలగ వాడతావో నీ ఇష్టం" అని ఎన్నిసార్లన్నారో.

మా ఆయన లమ్మడా వైపు ఒక దుకాణంలో గ్రామఫోన్లు బాగుచేస్తారు. ఒక అమెరికా ఓడ నావికుడు తన పెట్టె బాగుచేయించుకుని, సంతోషం పట్టలేక ఒక పాటల ప్లేటు ఈయన చేతిలో పెట్టి వెళ్ళాడు. అతనిది కొండ ఊరట. అపలాచియా కొండలట. ఆ పేరు అత్త చెవిలో అరిచేసరికి ఆవిడ మన సింహాచలం అప్పన్న కొండే అనుకుని దణ్ణం పెట్టేసింది. దిద్దే ఓపిక లేక ఊరుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం పెట్టె తెచ్చి మా గదిలో పెట్టారు. వీధి వీధంతా వచ్చి కూర్చుంది. కింది ఇంటి బర్మా పెద్దావిడ డా టిన్ చుట్ట ముట్టించుకుని గుమ్మంలో చతికిలబడింది. మొదట ఫిడేలు లేచింది. మన కచేరీల్లో వినే ఫిడేలు కాదు, కాలు నిలవనియ్యని ఫిడేలు. దాని వెనక ఎవరో ముక్కుతో పాడుతున్నాడు. ఇంకెవరో బట్టలు రుద్దే రేకు మీద టకటకా గీస్తున్నాడు. కుర్రకారు పకపకా నవ్వారు. వంటింట్లో గిన్నెల బల్ల కూలినట్టుందన్నాడొకడు. ఇంతలో అన్నిటి అడుగు నించి 'బుం, బుం' అని లావుపాటి మోత వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

వానాకాలం కప్ప అంది డా టిన్. కాదు, పెట్టెలో స్ప్రింగు పోయిందన్నారు వెనకవాళ్ళు. మా ఆయనకి రోషం వచ్చి పెట్టె విప్పి చూపించారు. మా మావతోపాటు ఒకే ఓడలో వచ్చిన భజన పెద్ద మాత్రం అది జముకే అని పట్టుబట్టాడు. మా వైపు కథలు చెప్పేవాళ్ళు చంకలో ఇరికించుకుని తీగ మీటుతూ మోగించే వాయిద్యం అది. మనోళ్ళెవులో అమెరికా ఎలిపోనారని తేల్చి పారేశాడు. అంతే, గదిలో సగం మంది అవునంటే అవునన్నారు. ఎవరి ఊళ్ళో ఏ తీర్థంలో ఎవరి జముకు ఎలా మోగేదో చెప్పుకోవడం మొదలెట్టారు. ఆ పూట అందరూ పడవ ఎక్కకుండానే ఊరెళ్ళి వచ్చారు.

అందరిలోకీ వింత మా అత్త. చెక్క నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషి ఉలిక్కిపడి, ఏటో నా కాళ్ళకి తగుల్తున్నాది అంది. పాటలాంటిదేదైనా ఆవిడకి తగలడం మేం చూడ్డం అదే మొదలు.

మావగారు కిటికీ దగ్గర నించి లేచి వచ్చి గ్రామఫోను బూరకి చెవి ఆనించారు. ప్లేటు అయిపోతే మళ్ళీ వెయ్యమని చెయ్యి తిప్పారు. ఆ మోత ఏమిటో కొడుకుని అడగమన్నారు. నావికుడు చెప్పిందేమిటంటే, వాళ్ళ కొండల్లో పెద్ద వాయిద్యం కొనుక్కోలేనివాళ్ళు ఖాళీ సారా జాడీ ఒకటి పట్టుకుని, పెదవులు బిగించి దాని మూతిలోకి ఊదుతారట. లావు మోతంతా అదేనట. మావగారు నా చెవి దగ్గరికి వచ్చారు.

"గొంతక్కర్నేదు పిల్లా" అన్నారు. "ఊపిరి సాలు."

ఆ ఒక్క మాటా నేనెవరికీ కేకేసి చెప్పలేదు.

ఆ మర్నాటి నించి మనిషికి నిలకడ లేదు. ఇంట్లో కూజా, చెంబు, నూనె సీసా అన్నీ ఊది చూశారు. ఒక్కటీ పలకలేదు. డా టిన్ తమ్ముడికి ట్వంటే అనే ఊళ్ళో కుండలు కాల్చే బట్టీ ఉంది. ఆవిడా, మావగారూ, నేనూ కాలవ మీద పడవలో వెళ్ళాం. అక్కడ పెరడు నిండా జాడీలే. మావగారు ఒక్కోదాని ముందు గొంతుక్కూర్చుని ఊదడం మొదలెట్టారు. పనివాళ్ళు పని ఆపి, ముసలాయనకి మతి గానీ పోయిందా అని డా టిన్‌ని అడిగారు. ఆవిడ బర్మాలో ఏం చెప్పిందో నాకు అంతా అర్థం కాలేదు గానీ, ఆ తరవాత వాళ్ళే నవ్వుకుంటూ తలా ఒక జాడీ మోసుకొచ్చి ఆయన ముందు పెట్టారు. చివరికి పొట్ట కాస్త పక్కకి ఒరిగిన ఒక గోధుమరంగు జాడీ 'బుం' అంది. పెరడంతా చప్పట్లు. నాకు ఊరగాయకని చిన్న జాడీ ఒకటిచ్చారు. తిరుగు పడవలో ఆయన పెద్ద జాడీని ఒళ్ళో నించి దించలేదు.

ఒకసారి పలికినంత మాత్రాన చెప్పుచేతల్లోకి వస్తుందా. నెలలు పట్టింది. ఊదగా ఊదగా ఆయనకి కళ్ళు తిరిగేవి. మీ ఇంట్లో గేదె ఈనుతోందా అని పక్కింటావిడ అడిగితే, అవును, జున్ను పంపిస్తాలే అన్నాను. పెదవులు ఎలా బిగించాలో ఇద్దరం కలిసి తేల్చుకోవాలని నా ఊరగాయ జాడీ నా చేతికిచ్చారు. పట్టు ముందు నాకే దొరికింది. ఆయన తొడ చరుచుకుని చప్పుడు లేని నవ్వు నవ్వారు. అదే ఊపులో నేను పెద్ద జాడీ అందుకోబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టారు. తన ఎంగిలి కోడలు ముట్టకూడదన్నారు. ఆ పట్టింపు ఆయనకీ ఉంది.

ఒక సాయంత్రం అత్త చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. ఆయన ఆవిడ వెనక కూర్చుని, జాడీ నేలకి ఆనించి, ఒకప్పుడు మూటలెత్తించిన ఊపుతో ఊదారు. అత్త చేట పక్కన పెట్టింది. రెండు అరచేతులూ నేలకి ఆనించి కాసేపు అలాగే ఉంది. తరవాత వెనక్కి తిరక్కుండానే, "ఇనబడతన్నావు" అంది.

ఆ మాట అటూ ఇటూ మొయ్యడానికి నాతో పని పడలేదు. నేను వంటింట్లోకి పోయి, హాయిగా ఏడ్చాను.

శ్రీరామనవమి దగ్గరపడింది. మావగారి మనసులో ఏముందో నాకు తెలుసు. మద్దెలకి ఎడంపక్క ఆ చాప. భజన పెద్దని పిలిపించారు. ఆయన విన్నాడు, తలూపుతూ తొడ మీద తాళం వేశాడు, కళ్ళొత్తుకున్నాడు. ఆ తరవాత నేల చూపులు చూస్తూ, "బాగున్నాది తమ్ముడా. కానీ ఎంగిలి జాడీ రాములోరి ఎదట ఎలగ పెడతాం?" అన్నాడు. చెడ్డవాడు కాడు. రేపు పదిమందీ తననే అంటారని భయం. మావగారి ముఖం వాడిపోయింది. పోనీలే, ఊరుకోమను అని నా చెవిలో అని, కిటికీ వైపు తిరిగారు. ఆ కిటికీ ఈసారి మూతపడితే మళ్ళీ తెరుచుకోదని నాకు తెలిసిపోయింది. ఒళ్ళు మండింది.

"మా మావ అడుగుతన్నారు" అన్నాను, వీధి చివరికి వినబడేలా. "శంకం ఏటితోటి ఊదుతారు? సన్నాయి ఏటితోటి ఊదుతారు? ఆటికి నేని ఎంగిలి ఈ జాడీకేటి?"

భజన పెద్ద మావగారి వైపు చూశాడు. మావగారు నా వైపు చూశారు. ఆయన తాపీగా తిరిగి, అవును, నేనే అన్నాను అన్నట్టు తలూపారు.

నవమి నాడు పందిరి కిటకిటలాడింది. మావగారు తన పాత చాప మీద జాడీ పెట్టుకుని కూర్చునేసరికి ఆడవాళ్ళ వైపు నించి కిసుకిసలు. మద్దెల వాయించే ఆయన కాస్త అటు జరిగాడు కూడా. పాట ఎత్తుకున్నారు. జాడీ మెల్లిగా కింద నించి అందుకుంది. నవ్వినవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. గంజాం వాళ్ళ ముసలాయన ఒకరు పక్కవాడి భుజం పట్టుకుని లేచి నిలబడ్డారు. వీధిలో పోతున్న బర్మా వాళ్ళు ఆగి పందిరి గుంజల దగ్గర చేరారు. మద్దెల ఆయన మళ్ళీ ఇటు జరిగాడు.

పాట ఊపందుకున్నాక మావగారు నడక మార్చారు. రేవు నడక అది. రెండు పొట్టి మోతలు, ఒక పొడుగు మోత. వెనక వరసలో ఎవడో జట్టు మనిషి, తనకి తెలీకుండానే, 'ఐలేసా' అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు. జాడీ మళ్ళీ పిలిచింది. ఈసారి వరస వరసంతా పలికింది. మూడోసారికి పందిరి కదిలింది. మూటలు లేవు, ఓడ లేదు, అయినా అందరి భుజాలూ లేచాయి. రాములవారి ముందు రేవు కేకలేమిటని భజన పెద్ద ఆపుతాడేమోనని చూశాను. ఆయన తాళాలు నెత్తి మీదికెత్తి అందరికంటే గట్టిగా ఐలేసా అంటున్నాడు. మావగారి కళ్ళు కారిపోతున్నాయి, ఊదడం ఆపలేదు. అయిపోయాక పూజారిగారు హారతి పళ్ళెంతో వచ్చి, జాడీ పొట్టకి కుంకుమ బొట్టు పెట్టి వెళ్ళారు.

ఆ తరవాత మా ఇంట్లో శనివారం నాడు కిటికీ మూసింది లేదు. మందిరంలో ఆ చాప ఖాళీగా ఉన్నదీ లేదు, ఆయన పోయేదాకా. ఊపిరి తక్కువైన రోజుల్లో కూడా జట్టువాళ్ళు కుర్చీలో మోసుకెళ్ళి కూర్చోబెట్టేవారు. శంఖం మాట ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం నన్ను చూపించి, ఈ పిల్ల నోట్లో నా మాటలు మంచివయిపోతాయని నా చేతే చెప్పించబోయేవారు. నేను చెప్పేదాన్ని కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు భజన పెద్ద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్రాళ్ళు వేరే జాడీలు తెచ్చి ఒకరి తరవాత ఒకరు ఊది చూశారట. ఉమ్ము పడింది గానీ మోత రాలేదట. "నీకొచ్చంట గదమ్మా" అన్నాడు. ఆడమనిషి ఆ చాప మీద ఎన్నడూ కూర్చోలేదు. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మావ ఎంగిలి కోడలికి తగదు కనక జాడీని చింతపండు పెట్టి తోమి తెమ్మని మాత్రం చెప్పి వెళ్ళాడు.

తోమడానికనే పెరట్లోకి తీసుకెళ్ళాను. అంచున ఒకచోట ఆయన కింది పెదవి ఆని ఆని మెరుగు పోయి మట్టి బయటపడింది. వేలికి గరుగ్గా తగిలింది. చింతపండు వెనక్కి తెచ్చి కూరలో వేసుకున్నాను. ఇన్నేళ్ళూ ఆయన నోరు నా దగ్గరే ఉంది, ఇంక ఎంగిలేమిటి.

మొన్న శనివారం ఆ చాప మీద కూర్చున్నాను. జాడీ నేలకి ఆనించి, ఆ గరుకు చోటనే పెదవి పెట్టి ఊదాను. మందిరానిదీ చెక్క నేలే. ఆడవాళ్ళ వరసలో మా అత్త అరచేతులు రెండూ నేలకి ఆనించి కళ్ళు మూసుకుంది. కాసేపటికి, కళ్ళు తెరవకుండానే, పక్కనున్న డా టిన్ చెయ్యి వెతికి పట్టుకుని, తన చేతి పక్కన నేల మీద బోర్లించి పెట్టింది.