అండమాన్ హోటల్‌కి వచ్చిన బత్తాయిలు

నాగుల చవితి వెళ్ళిన మర్నాడు తలంటు పోసుకుంటుంటే ఎడమ రొమ్ము పక్కన, చంకకి కాస్త కిందుగా, చేతికి ఏదో తగిలింది. చింతగింజంత ఉంది. నొక్కితే నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఊరుకోబోయాను గానీ, ఆ రోజంతా జాకెట్లు కుడుతున్నా చెయ్యి అటే పోయేది. నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. అనకాపల్లిలో మా వీధి ఆడవాళ్ళ కొలతలన్నీ నాకు నోటికొచ్చు. నా ఒంట్లో వచ్చిన తేడా నాకు తెలియకుండా ఉంటుందా?

సాయంత్రం బావతో చెప్పాను. మా ఆయన్నే నేను బావ అంటాను. సొంత మేనత్త కొడుకు. గౌన్లు వేసుకునే వయసు నుంచీ తెలిసిన మనిషి. బెల్లం మార్కెట్లో కమీషన్ దుకాణం నడుపుతాడు. ఇంటి సంగతి ఏది చెప్పినా "సూద్దాం లేయే" అనేవాడు, ఆ రోజు మాత్రం "రేపే ఎల్దాం" అన్నాడు.

వైజాగ్‌లో ఒక పెద్ద హాస్పిటల్‌కి వెళ్ళాం. లేడీ డాక్టర్ చూసి, "మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేద్దాం. డౌట్ ఉంటే బయాప్సీ" అంది. మామోగ్రామ్ అంటే రెండు పలకల మధ్య రొమ్ము పెట్టి నొక్కుతారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత డౌట్ ఉందన్నారు, బయాప్సీ కూడా చేశారు. మత్తు ఇస్తారు కాబట్టి సూది అంతగా తెలియదు గానీ, లోపల టక్కుమని చప్పుడొస్తుంది. ఉలిక్కిపడ్డాను.

కౌంటర్లో ఫోన్ నంబర్ అడిగితే బావ తన నంబర్ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. కరెంటు బిల్లుకీ, గ్యాసు బండకీ తన నంబరే కదా, ఇదీ అంతే అనుకున్నాను.

రిపోర్ట్ తేవడానికి తనొక్కడే వెళ్ళాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూనే, "ఏటీ లేదే సత్తీ. కొవ్వు గడ్డంట. వీలు సూసుకుని తీసేత్తారంట" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నూకాలమ్మ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, వచ్చి పప్పుచారు పెట్టి, కడుపునిండా తిన్నాను. తను సరిగ్గా తినలేదు. దారిలో ఏదో తిని ఉంటాడనుకున్నాను.

వారం తిరక్కుండా, "అండమాన్ ఎల్దాఁవేటే?" అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో చలికాలం అంటే బెల్లం సీజన్. గానుగల దగ్గర్నుంచి బెల్లం దిమ్మలు బండ్లకెక్కి వస్తూనే ఉంటాయి. సీజన్లో మా బావ దుకాణం వదిలింది లేదు. మా అమ్మాయి దివ్య పుట్టింది కూడా సీజన్లోనే. పిల్లని చూడ్డానికి మార్కెట్లో ఆ రోజు వేలంపాట అయ్యాకే వచ్చాడు. అలాంటి మనిషి, దుకాణం తమ్ముడికి అప్పగించి, నన్ను విమానం ఎక్కిస్తానన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోవాల్సింది. నాకేం అర్థమైందో తెలుసా? ఇన్నేళ్ళకి ఈ మనిషికి నా మీద ప్రేమ పుట్టిందనుకున్నాను. పుట్టింది భయమట.

రెండు కొత్త చుడీదార్లు నాకు నేనే కుట్టుకున్నాను. హాస్టల్ నుంచి దివ్య ఫోన్ చేసి, "అమ్మా, ఫొటోలు రోజూ పెట్టాలి, ఒక్కటి కూడా మానకూడదు" అంది. దాని గొంతు జీరగా ఉంది. జలుబు చేసిందంది.

అండమాన్ ఎంత బాగుంటుందని! హావ్‌లాక్ దీవిలో సముద్రం మన పూడిమడక సముద్రంలా ఉండదు. పచ్చగా, లేతగా, అడుగున ఇసక కనిపిస్తుంది. అద్దం అడుగున్న పడవెక్కి చేపల్ని చూశాం. చలికాలంలో చెమట పడుతుంటే నాకు నవ్వొచ్చింది. బావ నా చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి తీసుకెళ్ళాడు. నలుగురిలో ఏనాడూ నా పక్కన నడవని మనిషి! "ఏటి బావా, సిగ్గు లేదా?" అంటే, "సిగ్గేటే, నా పెళ్ళానివే కదా" అన్నాడు. నా ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. గవ్వలేరుకుంటుంటే ఫొటో, కొబ్బరి నీళ్ళు తాగుతుంటే ఫొటో. ఆ రోజుల్లో నేనున్నంత సంతోషంగా పెళ్ళయిన కొత్తలో కూడా లేను. అందుకే అంత మంట నాకు.

తిరిగి పోర్ట్ బ్లెయిర్ వచ్చాక పైడమ్మత్త హోటల్‌కి వచ్చింది. మా నాన్న చెల్లెలు, మా బావకి పిన్ని. మన వైపు వాళ్ళు బోలెడుమంది ఉన్నారక్కడ. అత్త కూడా పెళ్ళయినప్పుడే వెళ్ళిపోయి టిఫిన్ దుకాణం పెట్టుకుంది. చూసి చాలా ఏళ్ళయింది. వస్తూనే నా బుగ్గలు రెండూ పట్టుకుని, "సిక్కిపోనావే తల్లీ" అంది. నేను చిక్కలేదు. వేపుడు చేపలు తిని ఒళ్ళు చేశాను. ఆ తర్వాత సంచీలోంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. బత్తాయిలు. బ్రెడ్డు ప్యాకెట్టు. గ్లూకోజ్ డబ్బా.

నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. ఊరు చూడ్డానికొచ్చిన మేనకోడలికి ఏం తెస్తారు? జంతికలు తెస్తారు, చీర పెడతారు, చేపల పులుసు వండి గిన్నెలో పట్టుకొస్తారు. బ్రెడ్డూ బత్తాయిలూ తెచ్చేది ఎవరికో మన వాళ్ళలో చిన్నపిల్లకైనా తెలుసు. ఆ దీవికి బత్తాయిలు ఓడలో రావాలి. బజారంతా వెతికి ఉంటుంది పాపం.

"అత్తా, ఎవరికి ఒంట్లో బాలేదు?" అన్నాను.

అత్త బావ వైపు చూసింది. "ఈస్వర్రావా, దీనికి సెప్పలేదేట్రా?" అంది. బావ కిటికీలోంచి బయటికి చూశాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకేటీ తెల్దే తల్లీ, నాకేటీ తెల్దు" అంటూ లేచి వెళ్ళిపోయింది. టీ కూడా తాగలేదు.

"ఏటి బావా?"

"ఏటీ లేదే. బాగైపోద్దంట."

"ఏటి బాగైపోద్ది?"

చివరికి చెప్పాడు. క్యాన్సర్. బయాప్సీలో వచ్చిందట. ఆపరేషన్‌కి తారీఖు కూడా ఖాయం చేసేశాడట. "మొత్తం తీసేయమని సెప్పేసేనే. పేనం ముక్కెం కదా" అన్నాడు.

ఒళ్ళు నాది. రొమ్ము నాది. నేను చుడీదార్లు కుట్టుకుంటుంటే అది ఉండాలో పోవాలో ఈయన వైజాగ్‌లో చెప్పేసి వచ్చాడు!

"ఎవరెవరికి తెలుసు?"

"మా తమ్ముడికి. పిన్నికి. దివ్యకి."

"దివ్యకా!"

"నువ్వు బయపడతావనే. ముందు ఓపాలి సరదాగా తిప్పుదామని..."

"నువ్వు దిమ్మ కొనేటప్పుడు పై రంగు చూసి కొంటావా బావా? మూల విరిచి నోట్లో వేసుకుంటే గానీ ధర పలకవు. నన్ను మాత్రం రంగు చూసి నమ్మేయమన్నావు" అన్నాను. ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకు భయం కూడా వెంటనే రాలేదు, కోపం వచ్చింది. క్యాన్సర్ కన్నా ముందు నాకు ఆ చేపల పడవా, ఆ నవ్వులూ గుర్తొచ్చాయి. నేను నవ్వుతుంటే వీళ్ళందరూ నన్ను చూసి జాలిపడ్డారన్నమాట. నన్ను బొమ్మని చేసి ఆడించినట్టనిపించింది.

దివ్యకి ఫోన్ చేసి "జలుబు తగ్గిందా?" అని మాత్రం అడిగాను. అది బావురుమంది. నేను పెట్టేశాను.

వైజాగ్ తిరిగొచ్చాక డాక్టర్ దగ్గర కూర్చున్నాను. ఆవిడ బావ వైపు తిరిగి మాట్లాడబోయింది. "డాక్టరుగారూ, ఇటు. గడ్డ ఇటుంది" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "అమ్మా, మీవారు రిక్వెస్ట్ చేశారు. పేషెంట్ తట్టుకోలేదని ఫ్యామిలీ చెప్తే ఒక్కోసారి మేమూ..."

"తట్టుకుంటానో లేదో నన్నడిగారా?"

ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకుంది. "సారీ అమ్మా. అడగాల్సింది. స్టేజ్ టూ. ట్రీటబుల్. సర్జరీ, తర్వాత కీమో, రేడియేషన్. మీ గడ్డ చిన్నది కాబట్టి బ్రెస్ట్ కన్జర్వేషన్ చేయొచ్చు. అంటే గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తాం. మీ కేసులో మొత్తం తీసేసినా, ఇలా చేసినా సర్వైవల్ దాదాపు ఒకటే. కొందరు మొత్తం తీయించుకుంటేనే నిశ్చింత అంటారు. డెసిషన్ మీది."

బావ తల దించుకున్నాడు. "ఈ దారి కూడా ఉందని నీకు చెప్పారా?" అని అడిగాను. చెప్పారట. అదీ నాకు చెప్పలేదు. రెండు రోజులు ఆలోచించుకుని గడ్డ వరకే తీయించుకుంటానన్నాను. మొత్తం తీయించుకున్నవాళ్ళు తప్పు చేశారని నేననను. వార్డులో నా పక్క మంచం ఆవిడ మొత్తం తీయించుకుని నాకన్నా ధైర్యంగా ఉండేది. నేననేది, ఆవిడ ఆవిడకి కావాల్సింది ఎంచుకుంది, నేను నాది.

సర్జరీ బాగానే జరిగింది. చంకలోంచి తీసిన నోడ్స్‌లో, అంటే చిన్న గ్రంథుల్లో, ఒకదాంట్లో క్యాన్సర్ కనిపించిందని, కీమో తప్పదని చెప్పారు. ఈసారి నాకే చెప్పారు. చెయ్యి ఎత్తడానికి చాలా రోజులు పట్టింది. గోడ మీద వేళ్ళు పాకిస్తూ పైకి ఎక్కించే ఎక్సర్‌సైజ్ ఉంటుంది. మిషన్ తొక్కాలనే పంతంతో చేశాను.

కీమో సంగతి దాచడం నాకిష్టం లేదు. కష్టమే. జుట్టు దువ్వెనకి వచ్చేసింది. నోరంతా పుళ్ళు. అన్నింటికన్నా విచిత్రం, బెల్లం వాసన పడకుండా పోయింది. బెల్లం ఊళ్ళో పుట్టి బెల్లం ఊళ్ళో మెట్టినదాన్ని! బావ దుకాణం నుంచి వస్తే చొక్కా వాసనకే వాంతి. రోజూ పెరట్లోనే నీళ్ళు పోసుకుని, బట్టలు మార్చుకుని గాని లోపలికి వచ్చేవాడు కాదు. నేను చూస్తూనే ఉన్నాను. కాదనను, మనిషి మంచివాడే. మంచివాడు మోసం చేస్తే తిట్టడానికి కూడా నోరు పూర్తిగా రాదు.

రెండో కీమో తర్వాత జ్వరం వచ్చింది. వంద దాటితే ఆలస్యం చేయకుండా వచ్చేయమన్నారు కాబట్టి వెంటనే వెళ్ళాం. బ్లడ్ తీశారు. డ్యూటీ డాక్టర్ బావని బయటికి పిలిచాడు. అద్దం తలుపులోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. బావ లోపలికొచ్చి, "ఏటీ లే..." అన్నాడు. అక్కడికి ఆగిపోయాడు. మంచం అంచున కూర్చుని నా మొహంలోకి చూశాడు. "కౌంట్స్ బాగా పడిపోనాయంట. ఇన్‌ఫెక్షన్ ఉందంట. తగ్గకపోతే ఐసీయూలో ఎడతారంట" అన్నాడు.

అప్పుడు వచ్చింది నాకు భయం. మా అమ్మ పేరు పెట్టి ఏడ్చాను. కానీ నిజం విని ఏడ్చిన ఏడుపు అది. ఐసీయూ దాకా పోకుండానే తగ్గింది.

కీమో అయింది, రేడియేషన్ అయింది. ఇప్పుడు రోజూ ఒక హార్మోన్ మాత్ర. వేడి ఆవిర్లొస్తాయి, కీళ్ళు పట్టేస్తాయి. జుట్టు ఉంగరాలుగా వచ్చింది. మిషన్ తొక్కుతున్నాను. దివ్యతో మాట్లాడుతున్నాను. అది ఫోన్లో "బాగున్నానమ్మా" అంటే మాత్రం రెండోసారి అడుగుతాను. పైడమ్మత్త మీద నాకు కోపం లేదు. ఇంతమందిలో నాకు నిజం తెచ్చిచ్చింది ఆ బత్తాయిలే.

ఆ అండమాన్ ఫొటో ఒకటి బావ పెద్దది చేయించి హాల్లో పెట్టాడు. నీళ్ళలో నిలబడి పడీపడీ నవ్వుతున్నాను. వచ్చిన వాళ్ళందరూ ఎంత బాగున్నావో అంటారు. నాకది చూస్తే ఒళ్ళు మండుతుంది. తీసేయమన్నాను. ఇంకా తీయలేదు.

మొన్న మళ్ళీ సీజన్ మొదలైంది. ఫాలోఅప్ మామోగ్రామ్ చేయించుకుని వచ్చాం. మర్నాడు మధ్యాహ్నం బావ అన్నానికి వచ్చి, నేను చారు పోస్తుంటే, "సత్తీ, ఓ నాలుగు రోజులు ఎక్కడికైనా ఎల్దాఁవేటే?" అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "రిపోర్ట్ ఏమొచ్చింది?" అన్నాను.

"ఊరికే అడిగేనే" అన్నాడు. "నీకే కదా వచ్చింది. నువ్వే కదా సదివి సెప్పేవు."

నిజమే. పొద్దున్న నా ఫోన్‌కే వచ్చింది. అంతా నార్మల్. నేనే గట్టిగా చదివి వినిపించాను. అయినా గరిటె కింద పెట్టి, ఫోన్ తెరిచి మళ్ళీ చూసుకున్నాను. బావ కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి, నేను చదవడం అయ్యేదాకా కూర్చున్నాడు. ఈ జబ్బుకి ఇంకా మందు రాలేదు.

ఇది చదువుతున్న ఆడవాళ్ళకి ఒక్కటే చెప్తాను. హాస్పిటల్ కౌంటర్లో నంబర్ అడిగినప్పుడు మీ నంబర్ చెప్పండి. ఏది వచ్చినా ముందు నాకే చెప్పాలని డాక్టర్‌కి మొదటి రోజే, అందరి ముందే చెప్పండి. మగవాళ్ళకీ ఆ మాటే. మీ ఆవిడని ఏ దీవికైనా తీసుకెళ్ళండి, చెయ్యి పట్టుకుని నీళ్ళలో నడిపించండి, ఎన్ని ఫొటోలైనా తీయండి. కానీ చెప్పి తీసుకెళ్ళండి.