తాడులో నా ముడి

నవంబరు రెండో వారం, మధ్యాహ్నం రెండుంపావుకు మంచుకొండ మీది ఆర్మీ పోస్టు చేరాను. ఎత్తు పదిహేను వేల అడుగులు. చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. ఎనిమిది మందిమి, రెండు బంకర్లు, ఒక కిరోసిన్ పొయ్యి. నా వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను, అందులో రెండు కిలోలు పుస్తకాలు. పోస్టు కమాండర్ నాయబ్ సుబేదార్ సాబ్ వాటిని చూసి, పొయ్యిలోకి పనికొస్తాయా అని అడిగాడు.

నేను సిపాయిని. ఆఫీసర్ కావాలన్న పిచ్చి ఇంటర్ నుంచీ ఉంది. మాది కోటగిరి దగ్గర, నిజాంసాగర్ కాలువ చిట్టచివర. పైవాళ్ల చెరుకు తడిశాక మిగిలితేనే మాకు నీళ్లు. అందుకే బాపు బోరు వేయించాడు. బోరు ఎండితే వాగులోంచి పైపు. "ఒక్క కాలువను నమ్ముకుంటే చెరుకు ఎండుతది బిడ్డా," అనేవాడు. నేనూ ట్రంకుపెట్టె మూత లోపల మూడు దారులు రాసుకున్నాను. ఇంటర్ తర్వాత పరీక్ష: ఇంటర్వ్యూలో పోయింది. డిగ్రీ చివరేట ఇంకో పరీక్ష: మళ్లీ అక్కడే బోల్తా. మూడోది, సిపాయిగా చేరి లోపలి నుంచే ఆఫీసర్ ఎంపికకు వెళ్లడం. ఊళ్లో నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

రాతపరీక్ష పాసయ్యాకే ఆ పోస్టుకు వెళ్లాను. ఫిబ్రవరిలో రేడియోలో కబురొచ్చింది: తొమ్మిది రోజుల్లో ఇంటర్వ్యూ. నాకు ఇరవై ఆరేళ్ల పదకొండు నెలలు. ఇది తప్పితే వయసు దాటిపోతుంది, మూడో దారీ మూసుకుపోతుంది. మబ్బు పట్టింది, హెలికాప్టర్ రాదు. నడకదారి నాలుగు రోజులుగా కురిసిన మంచు కింద ఉంది.

కిందికి పంపమని సాబ్‌ను అడగలేదు. నా కోరిక కోసం ఇంకొకరిని మంచుచరియల కింద నడిపించడానికి సిగ్గేసింది. రేడియో ఆపరేటర్ మన సిరికొండవాడు, నాకంటే రెండేళ్లు చిన్న. వాడే సాబ్ దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. తర్వాత వచ్చి నన్ను తిట్టాడు.

"నువ్వొక్కనివే పోతున్నవనుకుంటున్నవా అన్న? మనోడు ఒకడు ఆఫీసరైతే గా ఇజ్జత్ మా అందరిది."

సాబ్ ఆర్డరు రెండు ముక్కలే. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాలి. మంచు మీద ఎండ పడి చరియలు జారకముందే నాలా, అంటే కింది కొండవాగు, దాటాలి.

నలుగురం ఒకే తాడుకు కట్టుకున్నాం. ముందు సాబ్, తర్వాత ఆపరేటర్, తర్వాత నేను, చివర నర్సింగ్ అసిస్టెంట్. మిగతా నలుగురూ పోస్టులోనే. నడుము దాకా మంచు. ఆరు వందల మీటర్లకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఒకచోట నా కాళ్ల కింద మంచు జారిపోయింది. ముందూ వెనకా తాడు బిగిసింది కాబట్టి బతికాను. ఎనిమిదీ పదికి నాలా ఒడ్డున, నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన బేస్ క్యాంపు వాళ్లు కనిపించారు. నేను తాడులోంచి బయటికొచ్చాను. పాసవ్వకుండా మొహం చూపించొద్దన్నాడు సాబ్. అంతే, ముగ్గురూ వెనుదిరిగారు.

పాసయ్యాను. శిక్షణ అయ్యాక సెలవు మీద ఇంటికొస్తే, బాపు నా భుజం మీది నక్షత్రాలను వేలితో తడిమి చూశాడు. "బోర్ల నీళ్లు పడ్డయ్ బిడ్డా," అన్నాడు. మేజర్‌గా రిటైరయ్యాను. గర్వంగానే ఉంది, ఎందుకు దాచుకోవాలి?

ఇప్పుడు బోధన్ బజారులో ఎవరైనా ఆఫీసర్ ఎట్లా అయ్యావని అడిగితే మూడు దారుల సంగతి చెబుతాను. ఒకటి మాత్రం చెప్పను. ఇక్కడ రాస్తున్నాను.

ఆ పొద్దున నాలా దాటి వెనక్కి చూశాను. ముగ్గురూ పైకెక్కుతున్నారు. మనిషి తగ్గితే తాడు కుదించి కట్టుకోవాలి, అది పద్ధతి. వాళ్లు కుదించలేదు. ఆపరేటర్‌కూ నర్సింగ్ అసిస్టెంట్‌కూ మధ్య నా ముడి ఖాళీగా మంచు మీద ఈడ్చుకుంటూ పోతోంది. ఎందుకట్లా అని బేస్ వాళ్ల రేడియో సెట్‌లో అడిగాను. ఆపరేటర్ రొప్పుతూ జవాబిచ్చాడు.

"అది నీ జాగ అన్న. సాబ్ ముడి ఇప్పొద్దన్నడు."