సైదులు సార్ ఇవ్వని లైను

మిర్యాలగూడలో మేముండే వీధిలో కరెంటు పోతే ఎవరూ పట్టించుకోరు గానీ, వస్తే మాత్రం సందడే. ముందు ఫ్రిజ్ ఒక్కసారి ఒళ్లు విదిలించుకుంటుంది, తర్వాత ఫ్యాను కీచుమంటుంది, ఎదురింటి పిల్లలు "వచ్చిందీ!" అని కేకేస్తారు. రైస్ మిల్లుల నుంచి వచ్చే ఉడికిన వడ్ల వాసన మళ్లీ ఇల్లంతా తిరుగుతుంది. నేను మాత్రం చేతిలో పని ఆపేసి, ఈ లైను ఎవరిచ్చారో, ఎవరి మాట మీద ఇచ్చారో అనుకుంటూ నిలబడిపోతాను. మా ఆయన నవ్వుతాడు. ఆయనకేం తెలుసు, సైదులు సార్ కింద పనిచేసింది నేను కదా.

సూర్యాపేటలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివేటప్పుడు ఆరు నెలల ట్రైనింగ్‌కు నన్ను మునగాల దగ్గరి ఒక సబ్‌స్టేషన్‌లో వేశారు. అక్కడ పగటి షిఫ్టు ఆపరేటర్ సైదులు సార్. తెల్ల మీసం, దారంతో మెడకు కట్టుకున్న కళ్లద్దాలు, బల్ల మీద పొడవాటి ఎల్‌సీ పుస్తకం. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఫోన్ చేసి లైను ఆపమంటాడు. ఆపరేటర్ ఆపి, అతని పేరు పుస్తకంలో రాసుకుంటాడు. పని అయ్యాక మళ్లీ ఆ మనిషే ఫోన్ చేసి, దిగానని చెప్పి ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా ఆ లైను ఎవరూ ముట్టుకోకూడదు. ఇదంతా రెండో రోజుకే కంఠతా పట్టేశాను. కంఠతా పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు, అదే నా రోగం.

వరి మళ్లకు నీళ్లు కావాల్సిన రోజులు. ఒక మధ్యాహ్నం వెంకన్న అనే లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని గంట దాటింది. గేటు దగ్గర రైతులు "మోటర్లు ఆగినయ్, మడులు ఎండుతున్నయ్" అని ఒకటే గొడవ. ఫోన్ మోగితే నేనే ఎత్తాను. "వెంకన్న పనైపోయింది మేడమ్, లైన్ ఇయ్యమన్నడు" అన్నాడెవరో. నన్ను మేడమ్ అనడం అదే మొదటిసారి! ఒక్క ఉరుకున వెళ్లి స్విచ్ మీద చెయ్యి వేశాను. సార్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఆగు బిడ్డా. ఎల్‌సీ ఎవరు తీస్కున్నరు?"

"వెంకన్న, సార్."

"ఫోన్ల మాట్లాడింది ఎవరు?"

"ఆయన మనిషే సార్."

"ఆయన మనిషైతే నడవది. వెంకన్న రావాలె ఫోన్ల."

రైతులు తిట్టారు. పై ఆఫీసర్ ఒకాయన ఫోన్ చేసి కేకలేశాడు. "ఎంతన్న తిట్టుర్రి సార్, వెంకన్న నోటెంట వినకుండ నేనియ్య" అని సార్ ఫోన్ పెట్టేశారు. అరగంటకు వెంకన్నే చేశాడు. మొదటి స్తంభం దిగిన మాట నిజమే. పక్క స్తంభం మీద వైరు తెగి వేలాడుతుంటే, అదీ కట్టేద్దామని మళ్లీ ఎక్కాడట. ఫోన్ కిందే బండి కవర్లో ఉండిపోయింది. నేను కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. సార్ తిట్టలేదు. టీ పోసిచ్చి, "భయమైందా? మంచిదే" అన్నారు.

తర్వాత చాలామందిలాగే నేనూ కంప్యూటర్ల వైపు మళ్లాను. కోదాడలో మా అమ్మవాళ్లింట్లో కూర్చుని, ఒక కంపెనీ నెట్‌వర్కులోకి దొంగలు చొరబడకుండా కాపలా కాసే ఉద్యోగం. అందులో నిలవాలంటే సెక్యూరిటీ సర్టిఫికెట్ పరీక్ష ఒకటి పాసవ్వాలి. పుస్తకం ఇటుకంత లావు. రెండుసార్లు తప్పాను. ఇంకోసారి తప్పితే టీమ్ నుంచి తీసేసి, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లకు కొత్తది పెట్టిచ్చే పనికి వేస్తామన్నారు. రెండోసారి తప్పిన రోజు హైదరాబాద్‌లో పరీక్ష రాసి వస్తూ, ఆ మొహం ఇంట్లో చూపించలేక సూర్యాపేటలోనే బస్సు దిగి, రిటైరై అక్కడే ఉంటున్న సార్ ఇంటికి వెళ్లాను.

"ఏమడుగుతున్నరు గంతగనం, నీ అసుంటి దానికి రాకుండ? జర తెలుగుల చెప్పు" అన్నారు. ప్రాక్టీసు పుస్తకం తీశాను. తెలుగులో చెప్పబోతే, సగం ప్రశ్నలు నాకే అర్థం కాలేదని తెలిసింది. ఎలాగో ఒకటి చెప్పాను. సర్వర్‌లో ఎవరో దూరినట్టు కనిపించింది. ముందు ఏం చేస్తావు? ఆపేస్తావా, అంతా తుడిచేస్తావా, లేక ముందే రాసిపెట్టుకున్న పద్ధతి ప్రకారం బాధ్యత ఉన్నవాళ్లకు చెప్తావా? ఆపేస్తానని పెట్టాను నేను.

"ఆపుమని నీకెవరు చెప్పిన్రు? దాని మీద ఎవరి పని నడుస్తున్నదో ఎరికేనా? ముందుగాల బాధ్యత ఉన్నోళ్లకు చెప్పాలె" అన్నారు సార్. "నువ్వు ఇంకా స్విచ్ కాడికే ఉరుకుతున్నవ్ బిడ్డా."

పుస్తకం చివర చూస్తే ఆయనదే సరైన జవాబు! నాకు ఒళ్లు మండింది, సిగ్గూ వేసింది. సమాచారాన్ని ఎవరూ చదవలేని గుర్తుల్లోకి మార్చే ఎన్‌క్రిప్షన్ ప్రశ్నలకు మాత్రం "ఇది నాతోని కాదు, నువ్వే సదువుకో" అని చేతులెత్తేశారు. "రిటైరైనా ఈయనకు లైన్లు ఆపుడు బందు కాలే" అని ఆయన భార్య వంటింట్లోంచి నవ్వింది.

ఆ తర్వాత రెండు నెలలు రోజూ పొద్దున్నే సార్‌తో ఫోన్. ఒక్క ప్రశ్న, అదీ తెలుగులో. జవాబులు చదివేముందు ఇక్కడ నేనెవరినో, నాకు అనుమతి ఎవరిచ్చారో, నేను తొందరపడితే దెబ్బ ఎవరికి తగులుతుందో చెప్పాలి. ఒకరోజు విసుగొచ్చి, "పరీక్షలో ఇంత టైముండదు సార్" అని కసిరాను. "వెంకన్నకు ఇద్దరు పిల్లలు" అని ఫోన్ పెట్టేశారు. మర్నాడు నోరు మూసుకుని నేనే చేశాను.

మూడోసారి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. బయట చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి చెప్పను. చెయ్యి మౌస్ మీదికి ఉరికింది. వెనక్కి లాగి ఒళ్లో పెట్టుకుని, ప్రశ్నను మనసులో తెలుగులో చెప్పుకున్నాను. వేరే జవాబు పెట్టాను. అయిపోయాక కౌంటర్లో అమ్మాయి కాగితం చేతికిచ్చింది. పాస్! వరండాలో ఎంత గట్టిగా అరిచానంటే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. వెంటనే సార్‌కు ఫోన్ కొట్టాను.

"సార్, పాసైన!"

"ఎవరు చెప్పిన్రు?"

"అయ్యో సార్, కాయితం ఇచ్చిన్రు!"

"కాయితం మీద ఎవరి పేరున్నది? సదువు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాచ్‌మన్ చూస్తుండగానే ఇంటిపేరుతో సహా నా పేరు చదివాను, ఫలితం చదివాను. అంతే, "పాసైంది! మన బిడ్డ పాసైంది!" అని సూర్యాపేట వీధంతా వినపడేలా కేక. ఆ కేక తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు తడుస్తాయి.

ఇప్పుడు ఆ టీముకు నేనే లీడర్‌ని. మొన్న మా డైరెక్టర్ గొంతుతో ఒక ఫోన్ వచ్చింది. ప్రయాణంలో ఉన్నానని, కస్టమర్ల వివరాలున్న సర్వర్ వెంటనే తెరవాలని. గొంతులు కూడా దొంగిలించే రోజులివి. మా దగ్గర రాసి ఉన్న ఆయన నంబరుకు నేనే చేస్తానన్నాను. "నన్నే అనుమానిస్తావా? రేపు నీ సంగతి చూస్తా" అని అవతల గొంతు లేచింది. అది నిజంగా ఆయనే అయితే నా ఉద్యోగం పోవచ్చు. అయినా సరే, ఆ సర్వర్ తెరవడానికి నా చెయ్యి కదల్లేదు.